పూలజడకు ఆఖరి ముడి

ఆ పొద్దున కూడా గుర్వమ్మ ఎప్పటిలాగే ఇంటి ముందు అరుగు మీద తడి గోనెపట్టా పరుచుకుని మల్లెమొగ్గలు కడుతోంది. లోపల కుక్కర్ మూడో కూత వేసింది. దవాఖానలో నర్సు డ్యూటీకి బయలుదేరుతున్న కూతురు కరుణ ఒక చేత్తో టిఫిన్ డబ్బా పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తెచ్చి తల్లి ముక్కు ముందు పెట్టింది. కరుణ పెళ్ళికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

"అమ్మా, గీ డెకరేషనాయన నాకు తెల్ల చామంతుల జడ ఫొటో పంపిండేంది? మీ అమ్మనే చెప్పింది అంటున్నడు."

"అవ్, చెప్పిన," అంది గుర్వమ్మ తలెత్తకుండానే. "మంచిగుంటది. పట్నంల అందరు గదే ఏసుకుంటున్నరు."

కరుణకు మొదట నవ్వొచ్చింది. "వైశాఖంల చామంతా? ఎండకాలం చామంతి అంటే బర్ఫ్ డబ్బాల పండుకొని లేచొచ్చిన పువ్వు, దానికి వాసన ఉండది, పానం ఉండది అని నువ్వే గదా అందరికి చెప్తవు?"

"మల్లె ఆగది బిడ్డా. పదీ నలభైకి ముహూర్తం. ఎండ సూస్తున్నవు గదా, నిప్పులు చెరుగుతాంది. అక్షింతలు పడేసరికి జడ వడిలిపోతది."

మల్లె ఆగదట! ఈ మాట ఇంకెవరన్నా అంటే గుర్వమ్మ వాళ్ళను కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పి పంపేది. షాద్‌నగర్ చౌరస్తా దగ్గర పద్దెనిమిదేళ్ళ నుంచి పూలమ్ముతున్న మనిషి. నిన్నటి పూలైతే నిన్నటివేనని చెప్పి అమ్ముతుందే తప్ప, నీళ్ళు చల్లి ఇవాళ్టివని అంటగట్టదు. ఎండాకాలం పెళ్ళికి మల్లెను మించింది లేదని, పొద్దు పొడవకముందే కోసిన మొగ్గ సాయంత్రం దాకా కళ్ళు తెరవదని పెళ్ళికూతుళ్ళ తల్లులకు చెబుతుంది. ఆమె చెప్పే మాట ఒకటుంది. "ముహూర్తానికి మొగ్గ, అప్పగింతలకు పువ్వు." కరుణ చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూనే పెరిగింది.

"సరే, ఆగది అనుకుందం. నిరుడు ఎండకాలంల ఎన్ని మల్లెజడలు పంపినవ్? అవన్ని ఎట్ల ఆగినయ్?"

"నిరుటి ముచ్చట వేరు. ఈయేడు రాళ్ళవాన పడి తోటలన్ని ఖరాబైనయి. మొగ్గ యాడ దొరుకుతాంది?"

ఒడి నిండా మొగ్గలు పోసుకుని అన్నది ఆ మాట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేరమంతా పాపం పూల మీద పెట్టింది. కరుణ తల్లి ఒడివంక చూసింది, ఆ తర్వాత తల్లి మొహంవంక చూసింది. గుర్వమ్మ గబుక్కున కొంగు తీసి మొగ్గల మీద కప్పుకుంది.

"మీ అచ్చంపేట అత్తమ్మకు గూడ చామంతులంటేనే ఇష్టం," అంది ఇంకో అబద్ధం కలిపి. "కన్యాదానం చేసేది వాళ్ళు. వాళ్ళ మాట గూడ జర చూడాలె గదా."

కరుణ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు, నాయిన ఉన్నప్పుడు, నా పెండ్లికి ఏడు వరుసల మల్లెజడ కడతా అని నువ్వే అన్నవు. యాదికున్నదా? ఊరందరి పిల్లలకు కట్టినవు. నాకు కట్టనీకి నీ చేతులకేమైందే?"

ఆ మాటకు గుర్వమ్మ వేళ్ళు దారం మీద ఆగిపోయాయి.

"డ్యూటీకి టైమైతాంది. పో," అంది.

కరుణ వెళ్ళిపోయింది. రోజూ గేటు దాటేటప్పుడు "పోయొస్తనే అమ్మా" అనే పిల్ల ఆ రోజు అనలేదు. గుర్వమ్మ చాలాసేపు గేటువంకే చూస్తూ కూర్చుంది. భర్త లింగస్వామి పోయి పదకొండేళ్ళు. జ్వరమని దవాఖానకు నడిచి వెళ్ళిన మనిషి మళ్ళీ నడిచి రాలేదు. ఆ తర్వాత ఈ పూలే కరుణను నర్సు చదివించాయి, ఈ రెండు గదుల ఇల్లు నిలబెట్టాయి. ఇన్నేళ్ళకు పిల్ల నోరు తెరిచి అడిగింది ఒక్క పూలజడ. అదీ కట్టనంది తల్లి!

మర్నాడు కరుణకు సెలవు. పది గంటల బస్సుకు అచ్చంపేట నుంచి మేనత్త నర్సింగమ్మ దిగింది. లింగస్వామికి అక్క. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆ ఇంటికి పెద్దదిక్కు. మనిషి నల్లగా ఎత్తుగా ఉంటుంది, గొంతు మనిషి కంటే ఎత్తు. ఏ రోజు ఏం చేయాలో, ఏ దిక్కు కూర్చోవాలో, ఎవరు ముందు ఎవరు వెనుకో అన్నీ ఆమెకు నోటికి తెలుసు. మైలపోలు నుంచి అప్పగింతల దాకా రివాజు తప్పితే ఊరుకోదు. ఆమె గడపలో అడుగు పెట్టిందంటే గుర్వమ్మకు గుండె దడ, ఏ పని ఎక్కడ తప్పు పోయిందోనని.

చాయ్ తాగుతూనే నర్సింగమ్మ పెళ్ళి పూల పంచాయితీ మొదలుపెట్టింది. కరుణ ఫోన్‌లో డెకరేషన్ ఫొటోలు ఒక్కొక్కటే చూపించింది.

"గివేం పూలే? గిట్ల చెవులు రిక్కిచ్చుకొని ఉన్నయి?"

"ఆర్కిడ్లు అత్తమ్మా."

"ఏ దేశపువో ఏమో! పిలువని పేరంటానికి అవెందుకు? మా అచ్చంపేట దిక్కు రేల చెట్లు మస్తుగ పూసినయి బిడ్డా. ఆకు కనబడకుంట పసుపు పచ్చగ గుత్తులు గుత్తులు ఏలాడుతున్నయి. ట్రాక్టర్ల ఏసుకొస్తం. పందిరికి మామిడి పొరక, రేల గుత్తులు. ఈ నెలల పూసే పువ్వు ఈ నెల పెండ్లికి పెట్టాలె గని, గవెందుకు?"

"రేల గుత్తి నిలువది వదినె, రెక్కలు రాలుతయి," అంది గుర్వమ్మ లోపలి నుంచి. ఈ మాట మాత్రం నిజమే చెప్పింది.

"రాలితే రాలనీ. పెండ్లిపిల్ల మీదనే గదా రాలేది," అని నర్సింగమ్మ తేల్చేసింది. తర్వాతి ఫొటో చూసి మొహం చిట్లించింది. "ఛీ, గీ చామంతులేంది? తీసెయ్ తీసెయ్. చామంతి వాసన తగిలిందంటే నాకు నాలుగు దినాలు తుమ్ములు తగ్గయి."

కరుణ మెల్లగా తల తిప్పి తల్లివంక చూసింది. గుర్వమ్మ చాయ్ గ్లాసులు తీసుకుని కడగడానికి వెళ్ళిపోయింది. రెండు గ్లాసులు కడగడానికి ఆమెకు పావుగంట పట్టింది.

మధ్యాహ్నం తల్లికి అన్నం డబ్బా ఇవ్వడానికి కరుణ చౌరస్తాకు వెళ్ళింది. పొద్దున ఇంట్లో మాట్లాడుకోలేదు కాబట్టి, అక్కడన్నా రమను మధ్యలో పెట్టి అడగాలని ఆమె ఆలోచన. రమది గుర్వమ్మ గంప పక్కనే గంప. వయసులో చిన్నది, కరుణకు చిన్నమ్మ వరుస. ఇద్దరూ ఒకే గొడుగు కింద కూర్చుంటారు, ఒకే సీసా నీళ్ళు తాగుతారు.

కరుణ రోడ్డు దాటేసరికి గుర్వమ్మ ఒక పెళ్ళిజడ పూర్తి చేస్తోంది. రెండు మూరల పొడుగు, మొగ్గ పక్కన మొగ్గ, అంచుకు కనకాంబరాలు, మధ్య మధ్య మరువం. చూస్తే కళ్ళు తిప్పుకోలేనంత బాగుంది. అంతా అయ్యాక గుర్వమ్మ దారం కొసలు రెండూ పట్టుకుని ఆగింది. రమ చేయి చాపింది. గుర్వమ్మ జడను రమ చేతుల్లో పెట్టింది. రమ ఆఖరి ముడి వేసి, ఆకులో చుట్టి, ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషికి ఇచ్చింది.

"మంచిగ కట్టినవమ్మా," అన్నాడు ఆయన రమతో.

రమ తల వంచుకుంది. గుర్వమ్మ మాత్రం ఏమీ జరగనట్టు కింద రాలిన మొగ్గలు ఏరుకుంటోంది.

ఇది కరుణ ఇవాళ కొత్తగా చూసింది కాదు. స్కూలు నుంచి వచ్చి ఇదే గొడుగు కింద హోంవర్క్ చేసుకున్న రోజుల నుంచి చూస్తూనే ఉంది. ఇద్దరూ కలిసి చేసే పని కదా అనుకుంది. ఇవాళ మాత్రం నిన్న తాను తల్లిని అడిగిన మాట గుర్తొచ్చింది. తల్లి డబ్బా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళగానే రమ పక్కన కూలబడింది.

"చిన్నమ్మా, ముడి నువ్వెందుకు ఏసినవ్?"

"ఊకెనే. అక్క చేతులు గుంజుతున్నయంట."

"చిన్నమ్మా. నా మీద ఒట్టు."

"పెండ్లి పెట్టుకొని ఒట్లేందే పిల్లా!" అని రమ కసిరింది. కసిరి, కుళాయి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "మీ నాయిన పోయిన యాడాది మీ అమ్మ ఒక పెండ్లికి జడ కట్టి, వాళ్ళింటికి తీసుకపోయింది. పెండ్లిపిల్ల నాయినమ్మ గడపలనే ఆపింది. బొట్టు లేని మొహం చూసి, మొగడు సచ్చినదానివి, పెండ్లింటికి నీ చేతితోని ఎట్ల తెస్తవు అన్నదట. జడను ముట్టలేదు. మీ అమ్మ ఆ జడ గంపల పెట్టుకొని బస్సెక్కి వాపస్ వచ్చింది. నా మెడల పుస్తెలున్నయి గదా, గప్పటి సంది ఏ పెండ్లిజడకైనా ఆఖరి ముడి నాది. నేనే ఇయ్యాలె, 'రమ కట్టింది' అనే చెప్పాలె."

"అమ్మకు ఆ ముసలామె మీద కోపం రాలేదా?"

"కోపమా! ఎవల పిల్ల వాళ్ళకు ముద్దు గదా రమా, ఆమె భయం ఆమెది అన్నది. గంతే. నేనైతే ఆ దినం ఏడ్చిన గని, మీ అమ్మ ఏడ్వలే."

కరుణ లేచి ఇంటికి నడిచింది. ఆటో కూడా ఎక్కలేదు. ఎండ నెత్తిమీద పేలుతోంది. తనకు జడ కట్టనన్నది ప్రేమ లేక కాదని ఇప్పుడు తెలిసింది, తెలిసినందుకు ఇంకా ఎక్కువ దుఃఖం వచ్చింది. పదకొండేళ్ళు తల్లి పక్కనే ఉండి ఈ సంగతి గమనించనందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

గుర్వమ్మ గంప దించుకుని ఇంటికి వచ్చేసరికి ఐదు దాటింది. నర్సింగమ్మ కూలర్ ముందు కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతోంది. కరుణ ముందు గదిలో నిలబడే ఉంది. తల్లి చెప్పులు విప్పిందో లేదో మొదలుపెట్టింది.

"అమ్మా, నా జడకు ఆఖరి ముడి ఎవలేస్తరు?"

గుర్వమ్మ నర్సింగమ్మ వైపు బెదురుగా చూసి, "ఊకో కరుణా. గిప్పుడు గదెందుకు?" అంది.

"గిప్పుడే కావాలె. అత్తమ్మ ముందరనే కావాలె. నీ చెయ్యి తగిలితే నాకేమన్న అయితదని నువ్వు బెదురుతున్నవు. అందుకే గదా మల్లె ఆగదన్నవు, రాళ్ళవాన అన్నవు, అత్తమ్మకు చామంతులు ఇష్టమన్నవు? నేనొక్కటి చెప్తున్న. నువ్వు కడితే జడ పెట్టుకుంట. లేకుంటే ఉత్త జడతోని పోయి పీటల మీద కూసుంట. ఒక్క పువ్వు పెట్టుకోను. అందరు అడగనీ, పూలమ్మేదాని బిడ్డ తలల పువ్వెందుకు లేదని."

"గంత మాటనకు బిడ్డా!" గుర్వమ్మ గబగబా కూతురి దగ్గరికి వచ్చింది. "నీకేం తెలుసే? రేపు నీకు తలనొప్పి వచ్చినా నా చెయ్యే అనుకుంట. మీరిద్దరు ఒక్క మాట అనుకున్నా నా చెయ్యే అనుకుంట. లోకం అనుడు కాదు, నాకు నేనే అనుకొని సస్త. నా రాత నాతోనే ఉండనీ. నీ తలకు అంటనియ్యను."

"నీ చెయ్యి నా తలకు అంటలేదా?" కరుణ తల్లి రెండు చేతులూ పట్టుకుంది. ఏళ్ళ తరబడి దారం కోసి కోసి వేళ్ళకు గీతలు పడ్డ చేతులు. "నాయిన పోయినంక గూడ రోజు పొద్దుగాల నాకు జడ ఏసింది ఎవలు? ఇంటర్ పరీక్షలకు ఏసినవ్, నర్సింగ్ కాలేజికి ఏసి పంపినవ్. కదలకు పిల్లా అని నెత్తి మీద మొట్టినవ్. పదకొండేండ్లు గీ చేతులే నా తలల ఉన్నయి. నాకేమైంది చెప్పు. పాసైన, నౌకరి వచ్చింది, మంచోడు దొరికిండు. ఒక్క పెండ్లినాడే గీ చెయ్యి చెడ్డదైతదా? మా దవాఖానల పెద్ద సిస్టర్‌కు మొగడు లేడు. పుట్టిన పిల్లను అందరికంటె ముందు పట్టుకునేది ఆమెనే. ఏ తల్లన్న వద్దన్నదా?"

గుర్వమ్మ చూపు కూతురి మీద లేదు, ఆడబిడ్డ మీద ఉంది. నర్సింగమ్మ చాట పక్కన పెట్టింది. లేచి వాకిట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. అయిపోయింది, వదినెకు కోపమొచ్చింది, పెళ్ళి ముందు ఇంట్లో లొల్లి పెట్టుకున్నామని గుర్వమ్మ గోడకు చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

నర్సింగమ్మ మొహం కడుక్కుని వచ్చింది. కళ్ళు మాత్రం ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఏమే గుర్వమ్మా, జడ కట్టకు అని నేను ఎప్పుడన్న అన్ననా?"

"అనలే వదినె. అంటవేమోనని..."

"అంటనని నువ్వే అనుకొని, నువ్వే బెదిరి, నువ్వే చామంతులు చెప్పినవా? అదిగూడ నా పేరు మీద! నేను తుమ్మి తుమ్మి సచ్చేటిదాన్ని గదనే!"

ఆ దుఃఖంలోనూ కరుణకు నవ్వొచ్చి, కొంగు లేక చున్నీ అడ్డం పెట్టుకుంది. నర్సింగమ్మ నవ్వలేదు. వచ్చి గుర్వమ్మ పక్కన నేల మీదే చతికిలబడింది.

"మా తమ్ముని పదకొండో దినంనాడు నీ తలల పూలు తీపిచ్చింది నేనే. ముందర నిలబడి తీపిచ్చిన. రివాజు అన్నరు, చేసిన. ఆ దినం నువ్వు నా మొహం చూసిన చూపు ఇయ్యాల్టికి మర్చిపోలే. అన్నం ముందర కూసుంటే యాదికొస్తది." ఆమె అంత పెద్ద గొంతూ సన్నగైపోయింది. "తలలకెల్లి తీపిచ్చిన గని, నీ చేతులకెల్లి పూలు తియ్యలేదు గదనే పిచ్చిదానా. ఆ చేతులే లేకుంటే నా తమ్ముని బిడ్డ ఏమైపోతుండె? కట్టు. ముడి నువ్వే ఎయ్యి. ఎవలన్న ఒక్క మాటంటే నాతోని చెప్పు, నేను మాట్లాడుత."

గుర్వమ్మ ఏడ్చింది. పదకొండేళ్ళ నాడు బస్సులో జడ గంపలో పెట్టుకుని ఏడవని ఏడుపు అదంతా. నర్సింగమ్మ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి ముక్కు చీది, మళ్ళీ తన మామూలు గొంతు తెచ్చుకుంది.

"కన్యాదానం మాత్రం నేను, మా ఆయననే చేస్తం. దానికి ఆశపడకు. పట్టుచీర గూడ కొనుక్కున్న."

పెళ్ళిరోజు తెల్లవారకముందే గుర్వమ్మ, రమ ఇద్దరూ ఆటోలో కొత్తూరు దిక్కున్న మల్లెతోటకు వెళ్ళారు. కూలీలు కోసిచ్చిన మొగ్గలు గుర్వమ్మ తీసుకోలేదు. తానే సాళ్ళ మధ్య వంగి, బాగా ముదిరి, ఆ సాయంత్రమే విచ్చుకోబోయే మొగ్గల్ని ఒక్కొక్కటే గిల్లింది. లేతవి చెట్టుకే వదిలింది. ఏడు గంటలకల్లా ఫంక్షన్ హాల్ వెనక గదిలో చాప వేసుకుని కట్టడానికి కూర్చుంది. ఒకటి, రెండు, మూడు... ఏడు వరుసలు. వచ్చిన చుట్టాల ఆడవాళ్ళు నిలబడి చూసి, అబ్బ అని ముక్కు మీద వేలేసుకుని పోతున్నారు. గుర్వమ్మకు ఏదీ వినబడలేదు.

ఏడో వరుస అయింది. దారం కొసలు రెండూ చేతుల్లో మిగిలాయి. పదకొండేళ్ళ అలవాటు ఊరికే పోతుందా?

"రమా, జర గిది పట్టుకో."

"నా చేతులకు పసుపున్నదక్కా," అని రమ రెండు చేతులూ ఎత్తి చూపించింది. మోచేతుల దాకా పచ్చటి పసుపు. నలుగు పెట్టడం అయిపోయి గంట దాటింది, అందరూ చేతులు కడుక్కున్నారు. "ముట్టుకుంటే మొగ్గలన్ని ఖరాబైతయి. నువ్వే ఎయ్యక్కా."

గుర్వమ్మ రమ చేతులవంక చూసింది, మొహంవంక చూసింది. దొంగ మొహం! అద్దం ముందు కూర్చున్న కరుణ అద్దంలోంచి తల్లినే చూస్తోంది. గడపలో నర్సింగమ్మ కొత్త పట్టుచీర కట్టుకుని, ఇంకెవరూ లోపలికి రాకుండా ద్వారానికి అడ్డంగా నిలబడి ఉంది. గుర్వమ్మ కళ్ళు మూసుకుంది. "ఓ లింగస్వామీ," అనుకుంది, దేవుణ్ణో, భర్తనో ఆమెకే తెలియదు. కొసలు రెండూ కలిపి ముడి వేసింది. మళ్ళీ విప్పుకోకుండా రెండోసారి కూడా వేసింది.

జడ ఎత్తి కూతురి వీపు మీద పరిచి, సవరం దగ్గర సూది గుచ్చింది.

"అమ్మా, మస్తు గుంజుతాంది, జర వదులు చెయ్," అంది కరుణ.

"కదలకు పిల్లా!" అని గుర్వమ్మ నెత్తి మీద మెల్లగా మొట్టింది. ఆ మొట్టికాయకు కరుణ కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. కాటుక కారుతుందని రమ గాభరా పడి, పసుపు చేతులతోనే తుడవబోయి ఆగింది.

నర్సింగమ్మ తెచ్చిన రేల గుత్తులు గుర్వమ్మ చెప్పినట్టే చేశాయి. ముహూర్తం వేళకు ఫ్యాన్ల గాలికి పచ్చటి రెక్కలన్నీ రాలి, పీటల మీద, పెళ్ళికొడుకు పరమేష్ తలపాగా మీద, అయ్యగారి పుస్తకం మీద పడ్డాయి. "తలంబ్రాలు గింత ముందుగాలనా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. కరుణ జడలో మాత్రం ఒక్క మొగ్గ చెదరలేదు.

అప్పగింతలు అనుకున్నదానికంటే ముందే పెట్టారు. ఆదివారం కదా, నాలుగున్నరకు రాహుకాలం. అంతకుముందే కారు కదలాలని మక్తల్ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తల్లి జంగమ్మ తొందర చేసింది. ఎండ ఇంకా అలాగే ఉంది. గుర్వమ్మ అలవాటుగా అందరి వెనకా, హాల్ గేటు పక్కన నిలబడింది. కరుణ ఆమెను వెతుక్కుని వచ్చి గట్టిగా పట్టుకుంది. తల్లీకూతుళ్ళ ఏడుపు చూడలేక వీడియో తీసే అతను కూడా కెమెరా దించాడు.

కూతుర్ని హత్తుకున్నప్పుడు గుర్వమ్మ చేయి జడ మీద పడింది. మొగ్గలు గట్టిగా, ముడుచుకునే ఉన్నాయి. ఒక్కటి కూడా విచ్చుకోలేదు. ముహూర్తానికి మొగ్గ, అప్పగింతలకు పువ్వు అని ఇన్నేళ్ళు అందరికీ చెప్పిన మాట, తన బిడ్డ దగ్గరే తప్పింది. వేళ కాలేదని పూల సంగతి తెలిసిన బుద్ధి చెబుతూనే ఉంది. పాడు మనసు వింటుందా? నేను ముడి వేశాను కాబట్టే ఇలా అయిందేమోనని జడ మీద నుంచి చేయి తీసేసింది. "పైలం బిడ్డా," అని మాత్రం అంది. కారు కదిలిపోయింది.

హాల్లో గిన్నెలు సర్దుతున్నారు. గుర్వమ్మ పందిరి కింద కుర్చీలో కూర్చుని రాలిన రేల రెక్కలవంక చూస్తోంది. రమ నీళ్ళిస్తే తాగలేదు. ఆరుంపావుకు ఒళ్ళో ఫోన్ మోగింది. కరుణ. గుర్వమ్మకు చేయి ఆడలేదు. రమ లాక్కుని స్పీకర్ నొక్కింది.

"అమ్మా! దేవరకద్ర దాటినమే. ఇచ్చుకున్నయి! మొగ్గలన్ని ఒక్కసారే ఇచ్చుకున్నయి. కారంత వాసన. డ్రైవరన్న గూడ అద్దాలు ఎక్కిచ్చిండు, వాసన బయటికి పోవద్దని!"

వెనక నుంచి జంగమ్మ గొంతు వినిపించింది. "వదినె, నా పెండ్లినాడు గూడ గింత మంచి జడ ఏసుకోలే నేను. గిది నువ్వే కట్టినవట గదా. మా చిన్నదాని పెండ్లికి గూడ నువ్వే కట్టాలె, గిప్పుడే చెప్తున్న."

గుర్వమ్మ ఏమందో ఫోన్లో వాళ్ళకు వినబడి ఉండదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ తల మాత్రం ఊపుతోంది. నర్సింగమ్మ ఫోన్ దగ్గరికి వంగి, "కొడతాందిలే మీ వదినె, కడతా అంటాంది," అని కేకేసి చెప్పింది. తొందరలో మాట తడబడితే హాల్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

నాలుగో రోజుకు గుర్వమ్మ మళ్ళీ చౌరస్తాలో గొడుగు కింద ఉంది. పెళ్ళిళ్ళ కాలం, ఊపిరాడనంత పని. మధ్యాహ్నం ఒకావిడ బిడ్డ పెళ్ళికి జడ తీసుకోవడానికి వచ్చింది. గుర్వమ్మ ఆఖరి వరుస ముగించి దారం కొసలు పట్టుకుంది. పక్కనుంచి రమ అలవాటు ప్రకారం చేయి చాపింది. చాపి, నాలుక కరుచుకుని వెనక్కి తీసుకుంది. గుర్వమ్మ ముడి వేసింది, ఆకులో చుట్టింది, లేచి నిలబడి తన రెండు చేతులతో ఆవిడ చేతుల్లో పెట్టింది.

"ఎంత మంచిగున్నది! ఎవలు కట్టిన్రమ్మా?"

"నేనే కట్టిన," అంది గుర్వమ్మ.

"గీ ఎండకు ఆగుతదా?"

"ఎందుకాగదమ్మా? ముహూర్తానికి మొగ్గ, అప్పగింతలకు పువ్వు. పిల్లను జర తొందరగ పంపితే మాత్రం ఫికర్ చెయ్యకు. తొవ్వల ఇచ్చుకుంటయి."